ఒంటికన్ను బోయీల కథ

ఆ రోజు పొద్దెక్కకముందే మా నాయనమ్మ ఊరి దిగుడుబావిలోకి దిగి, నీళ్లకు ఒక మెట్టు పైన అడ్డంగా కూర్చుంది. ఒళ్లో చింతబరికె, పక్కన ఇత్తడి చెంబు. కడవలతో వచ్చిన ఆడవాళ్లు పై మెట్ల మీదనే ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు.

“ఏందత్తా, గిట్ల కూసున్నవ్? జర జరుగు,” అంది ముందున్నామె.

“జరుగ. ఇయ్యాల్టి సంది ఈ నీళ్లల్ల ఎవ్వరి కాలూ తడవద్దు. కడవలు గీడ పెట్టుండ్రి. నేనే ముంచి ఇస్త.”

“ఊరందరికా?”

“ఊరందరికి.”

“ఎన్ని దినాలు?”

“సచ్చేదాక. నీకేం పాయె, కడవ దించు.”

నేను పై మెట్టు మీద ఎడమ కాలు చాపుకొని కూర్చున్నాను. చీలమండ దగ్గర ఆముదపాకు కట్టు. కట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన చీపురుపుల్ల. ఆ పుల్లకు నూలుపోగులా చుట్టి ఉన్న తెల్లటి పురుగు. ఊరి నీళ్లకు అడ్డం పడింది నాయనమ్మే అయినా, ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నా కాలు.

మొన్న మనవరాలి పాఠ్యపుస్తకం తిరగేస్తుంటే నారికురుపు గురించి ఒకే ఒక్క వాక్యం కనబడింది. ఆ జబ్బు ఇప్పుడు మన దేశంలో లేదట. పత్రికాఫీసులో ఏళ్ల తరబడి ఇతరుల వాక్యాలు కత్తిరించినదాన్ని నేను. అయినా అంత పొడుగు పురుగును ఇంత పొట్టి వాక్యంలో ఎట్లా ఇమిడ్చారా అనిపించింది.

మా ఊరు కోదాడకూ మిర్యాలగూడకూ నడుమ, చిలుకూరు దాటి బండిదారిన పోతే వచ్చేది. సర్కారు మారింది. ఊళ్లల్లో గడబిడ తగ్గింది. భయపడి పట్నం పోయినవాళ్లు తిరిగొచ్చి ఇళ్లకు సున్నం వేసుకుంటున్న వేసవి అది. గోడల నుంచి తడిసున్నం వాసన, దొడ్ల నుంచి మామిడికాయ వాసన, ఏ గడపలోకి తొంగిచూసినా మంచం మీద కాలు చాపుకొని మూలిగే మనిషి ఒకడు. ఎండలు ముదిరాయంటే మా ఊళ్లో నారి లేచేది. ముందు కాలి మీద ఒక బొబ్బ. అది పగిలితే అందులోంచి పురుగు తల. దాన్ని లాగితే తెగుతుంది, తెగితే కాలు వాచి మనిషి నెలల తరబడి లేవడు. అందుకని పుల్లకు చుట్టి రోజుకు ఒక్క చుట్టు తిప్పేవాళ్లు. వానలు పడి దుక్కి దున్నే నాటికి సగంమంది మగవాళ్లు ఇట్లా పుల్లలు కట్టుకొని అరుగుల మీద ఉండేవాళ్లు. మా నాయన వరసగా రెండేళ్లు మంచాన పడితే మా చెలక దున్నేవాళ్లు లేక రెండేళ్లూ పడావుగానే ఉండిపోయింది.

మాకు, అంటే పిల్లలకు, అది గొప్ప కూడా. ఎవరి పుల్లకు ఎక్కువ చుట్లున్నాయో లెక్కపెట్టుకునేవాళ్లం. పక్కింటి పిల్లవాడికి మోకాలి కింద ఒకటి, పాదం మీద ఒకటి లేచాయి. వాడు రెండు కాళ్లూ చాపి రాజులా కూర్చుంటే, నాకు ఒక్కటే ఉన్నందుకు ఏడుపొచ్చింది.

ఏడుపు ఎక్కువగా మాత్రం మంటకే. పచ్చిమిరపకాయ నూరి పుండు మీద రాసినట్టుండేది. నాయనమ్మ నన్ను చంకనెత్తుకొని దిగుడుబావికి తీసుకుపోయేది. మెట్టు మీద కూర్చోబెట్టి కాలు నీళ్లలో ముంచేది. ముంచిన క్షణంలో ప్రాణం లేచొచ్చేది. పురుగు తల దగ్గర నుంచి పాల చుక్కలాంటిది తెల్లగా జారి నీళ్లల్లో కలిసిపోయేది.

“సూసినవా బిడ్డా, మంటంతా పాలలెక్క కారిపోయింది,” అనేది నాయనమ్మ సంబరంగా. పైమెట్టు మీద ఉన్నవాళ్లు ఆ నీళ్లే కడవకు ముంచుకొని ఇళ్లకు పోయేవాళ్లు. మేమూ ఒక కడవ ముంచుకొని వచ్చేవాళ్లం.

అట్లా పది రోజులు గడిచాక మా చిన్న మేనమామ సైకిల్ మీద వచ్చాడు. సూర్యాపేట దవాఖానాలో కంపౌండరు ఆయన. మనిషి రాకముందే స్పిరిట్ వాసన వచ్చేది. కోదాడ దిక్కు పనిచేసి వచ్చాడు గనక మాటలో కాస్త ఆంధ్ర యాస కలిసేది. నాయనమ్మ దాన్ని పట్టుకొని ఏడిపించేది.

“రండి రండి కంపౌండరు గారూ, దయచేయండి,” అంది ఆ రోజు, ఒక్కో అక్షరం సాగదీస్తూ.

“దయ తర్వాత చేస్తా అత్తా. ముందు తొక్కు ఎంతవరకు వచ్చింది?”

ఆయన నా కాలు చూడటానికి వచ్చానన్నాడు గానీ, మామిడికాయ తొక్కు కలిపే రోజులు చూసుకునే వచ్చాడని మా అమ్మ నమ్మకం.

మొదటి రోజు ఆయన డాక్టరులా మాట్లాడాడు. నీళ్లల్లో పురుగులుంటాయి, గుడ్డతో వడగట్టుకొని తాగాలి, నారి వాటివల్లనే వస్తుంది అన్నాడు. బావి నీళ్లు ఒక మందుసీసాలో పోసి ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. తెల్లని నలుసులు నీళ్లల్లో గెంతుతూ కనబడ్డాయి. ఆవగింజను నాలుగు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. నేను “అవిగో, అవిగో!” అని అరిచాను. నాయనమ్మ సీసాను ముక్కు దాకా తెచ్చుకొని, దూరం పట్టుకొని, మళ్లీ దగ్గరికి తెచ్చుకొని, చివరికి వెనక్కి ఇచ్చేసింది. ఆమె కళ్లకు అప్పటికే పొర కమ్ముతోంది.

“నాకు అవుపడని పురుగు నన్నేం జేస్తది? మా అత్త తాగింది ఈ నీళ్లే, ఆమె అత్త తాగింది ఈ నీళ్లే. నారి ఎండకు లేస్తది, గాలికి లేస్తది. నువ్వు కాలుకు మందు పెట్టు, బాయికి పెట్టకు.”

తొక్కు ముక్కలు కోస్తున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా నవ్వారు. మామ కూడా నవ్వి సీసా పారబోశాడు. ఇక ఆ మాటే ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం పనులు మళ్లీ మొదలయ్యాయి. కొట్టంలో చాప పరిచి, ముక్కలు ఒక దిక్కు, దంచిన ఆవపిండి ఒక దిక్కు, ఎల్లిపాయలు ఒక దిక్కు. మంచినూనె కాగి చల్లారుతున్న వాసన. మామ గోడకు ఆనుకొని, చేటలోంచి ఎల్లిపాయ పొట్టు తీస్తూ, “ఒక కథ చెప్పనా?” అన్నాడు.

“ఎల్లిపాయలు ఒలుస్తనే చెప్పు,” అంది మా అమ్మ.

“ఒక తల్లి. ఆమెకు లక్షమంది బిడ్డలు. ఆ బిడ్డలు పుట్టింది నీళ్లల్లో, అత్తగారిల్లేమో గట్టు మీది కోటలో. నడిచిపోదామంటే కాళ్లు లేవు. ఎగిరిపోదామంటే రెక్కలు లేవు. మూడు నాలుగు దినాల్లో మేనా దొరక్కపోతే అక్కడే ప్రాణం పోతుంది.”

“అయ్యో, లక్షమందికీ మేనాలెట్ల దొరుకుతయ్?” అంది ఒకామె.

“దొరకవు. ఆ కొలనులో మేనా మోసే బోయీలు కొంతమందే. అందరూ ఒంటికన్ను వాళ్లు. నడినెత్తిన ఒక్కటే కన్ను. అయితే వాళ్లకు ఒక గుణం ఉంది. పెండ్లికూతుర్ని భుజాన ఎత్తుకోరు, మింగేస్తారు. కడుపులో కూర్చోబెట్టుకొని మోస్తారు.”

నాయనమ్మ చెయ్యి ఆవపిండిలో ఉండగానే తల ఎత్తింది. “మింగుతే పిల్ల ఉంటదారా?”

“ఉంటుందత్తా. అసలు ఆ కడుపులోనే రెండు వారాలు పెరగాలి. అప్పటికి గానీ ఆ పిల్లకు పెండ్లి ఈడు రాదు.”

అక్కడ ఆపేశాడు. సర్వపిండి కాల్చి పెడితే మిగతాది రేపు చెప్తానన్నాడు. తిట్టుకుంటూనే కాల్చారు. నువ్వులు, పల్లీలు అద్దిన ఆ సర్వపిండి అడుగు మాడిన వాసన ఇప్పటికీ నాకు కథ మధ్యలో ఆగిన వాసనే.

పిల్లలం ఊరుకుంటామా. సాయంత్రానికి బోయీల ఆట కట్టేశాం. ఒక కన్ను మూసుకున్నవాడు బోయీ. నా కాలు కుంటిది గనక నేనే పెండ్లికూతుర్ని. ఇద్దరు చేతులు అల్లి నన్ను ఎత్తుకున్నారు. ఒంటికన్నుతో దారి కానక తిన్నగా పోయి పేడకుప్పలో దించారు. పుల్ల చెదరలేదు గనక బతికిపోయాను. మా అమ్మ మాత్రం బోయీలిద్దరినీ రెండు కళ్లూ తెరుచుకునేలా కొట్టింది.

రెండో రోజు కథకు ఆడవాళ్లు ఎక్కువమంది వచ్చారు. పిలవనివాళ్లు కూడా చేటలు తెచ్చుకొని కూర్చున్నారు. మామ పెండ్లికూతుర్ని కోటలోకి చేర్చాడు. కోటలో ఒక అగ్నిగుండం ఉందట. అందులో బోయీ మాడిపోయాడు, పిల్ల మాత్రం బయటపడింది. వేరే మేనాలో వచ్చిన పెండ్లికొడుకు కోట గోడల మధ్య ఎదురయ్యాడు. పెండ్లయింది. పెండ్లయిన కొన్నాళ్లకే పెండ్లికొడుకు చనిపోయాడు.

“ఓ దేవుడా,” అని నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, చేతికి ఆవపిండి ఉందని గుర్తొచ్చి ఆగింది. ఆమె చిన్న వయసులో ఉండగానే మా తాత పోయాడు. “కడుపుతో ఉన్నదా పిల్ల?”

“ఉంది. ఏడాది మోస్తుంది. ఏడాది పొడుగునా కోటలో కిందికి, కిందికి నడుస్తూనే ఉంటుంది.”

“సల్లగ ఉండాలె. సల్లగ కనాలె,” అంది నాయనమ్మ. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా తలలూపారు. ఆ సాయంత్రం బావి దగ్గర కూడా అదే మాట. పాపం, ఆ పిల్ల ఏమైతదో?

మూడో రోజు తొక్కు జాడీలకు ఎత్తుతున్నారు. మామ గొంతు తగ్గించాడు.

“నెలలు నిండినయి. బిడ్డలను నీళ్లల్లో వదలాలి. కోటేమో గట్టు మీదుంది, నీళ్లు ఎక్కడో దూరాన ఉన్నయి. అప్పుడా తల్లి ఒక ఉపాయం చేసింది. కోట అడుగున గోడకు కన్నం పెట్టి, అక్కడ నిప్పు పెట్టింది. కోట భగ్గున మండింది. మంటకు తాళలేక కోటే లేచి నీళ్ల దగ్గరికి ఉరికింది. నీళ్లు తాకగానే తల్లి తన లక్షమంది బిడ్డలనూ సాగనంపింది. పాలు పోసినట్టు, తెల్లగా.”

నాయనమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. “పాలలెక్కనా?”

మామ నా కాలివంక చూశాడు. అందరూ చూశారు. నేనూ చూసుకున్నాను. ఆముదపాకు కింద నా కోట సన్నగా మండుతోంది.

“సీసాలో మీరు చూసిన నలుసులే బోయీలు,” అన్నాడు మామ నెమ్మదిగా. “నీళ్లతో పాటు మనం మింగుతున్నది వాళ్లనే.”

“అబద్ధం,” అంది నాయనమ్మ. గొంతు పెద్దదే, కానీ అందులో బలం లేదు. “కతలు జెప్పి మందిని భయపెడ్తున్నవ్. నీళ్లతోటే వస్తే అందరికీ రావాలె గద?”

కొట్టం అవతల పశువుల పేడ ఎత్తుతున్న ఆమె నడుం ఎత్తింది. ఊరి బయటి వాడ నుంచి పనికి వచ్చేది. మూడు రోజులుగా తట్ట పట్టుకొని అక్కడి నుంచే కథ వింటోంది.

“అవ్వా, ఒక మాట జెప్పనా? మా వాడల ఎవ్వలకూ నారి లేవది.”

“ఒక్కలకు గూడనా?”

“ఒక్కలకు గూడ. మీరెన్నడన్న పుల్ల కట్టుకున్న మనిషిని సూసిండ్రా మా దిక్కు?”

నాయనమ్మ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. “ఎందుకు లేవది?”

“మీ బాయిల మమ్ముల దిగనియ్యరు గదవ్వా. మాది చేదబాయి. పైకెల్లి చేదుకునుడే. కాలు తడిసేదేడిది?”

చెప్పి ఆమె నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. దవాఖానాలో మామకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. ఊరు ఆమెను బావికి దూరం పెట్టింది, ఆ దూరమే ఆమె వాడను కాపాడింది. ఆయన మూడు రోజుల కథకు సాక్ష్యం ఆమె ఒక్క మాటలో ఇచ్చింది.

ఆ పూట నాయనమ్మ జొన్నగటక ముట్టలేదు. చల్ల మాత్రం తాగింది, అదీ సగం. తర్వాత మామను పక్కకు పిలిచింది.

“పది దినాలు ముంచినయ్యా ఈ పిల్ల కాలు. నా చేతులతోటి ముంచిన. ఎంతమంది తాగిన్రో ఆ నీళ్లు.”

“నీకు తెలియదు గదా అత్తా.”

“తెల్వకపోతే పురుగు ఊకుంటదా? ఇప్పుడేం గావాలె?”

“ఇప్పటికే మింగినవాళ్లకు వచ్చే వేసవికి లేస్తుంది. దానికేం చెయ్యలేం. ఇయ్యాల్టి నుంచి ఎవరూ కాలు ముంచకుండా, అందరూ వడగట్టుకొని తాగితే, ఆపై వేసవికి ఊళ్లో నారి ఉండదు. కథ నిజమో అబద్ధమో అప్పటికి తేలుతుంది.”

“రెండేండ్లు,” అంది నాయనమ్మ. తెల్లవారి చింతబరికె తీసుకొని బావికి పోయింది.

మధ్యాహ్నానికి పటేల్ వచ్చాడు. మడమ దగ్గర నారి లేచి నాలుగు రోజులుగా కర్ర సాయంతో నడుస్తున్నాడు. రోజూ ఆ వేళకు వచ్చి కాలు నీళ్లల్లో పెట్టుకునేవాడు.

“అవ్వా, బావి ఊరిది. నీ అయ్యది గాదు. లే.”

“నా అయ్యదయితే ఎప్పుడో పూడిపిద్దును పటేలా.”

“కాలు మండుతున్నది. మర్యాదగ చెప్తున్న.”

నాయనమ్మ అతన్ని కిందినుంచి పైకి చూసింది. తర్వాత ఎవరూ అనుకోని పని చేసింది. బరికె పక్కన పెట్టి, కొంచెం జరిగి దారి ఇచ్చింది.

“ముంచుకో. ఇయ్యాల నీకు సల్లగుంటది. వచ్చే ఎండకాలం నీ మనుమడు ఏడుస్తడు. వాడు ఈ నీళ్లే గద తాగేది? ముంచుకో మరి.”

పటేల్ ఒక మెట్టు దిగాడు. ఆగాడు. నీళ్లల్లో కప్ప ఒకటి గెంతిన చప్పుడు వినబడింది. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి, “అయితే నా మంటకేం మందు?” అన్నాడు చిన్నపిల్లవాడిలా.

“పైన గోలెం నింపి పెట్టించిన. అండ్ల ముంచుకో. ఆ నీళ్లు చెలకల పారబోస్తరు. ఎండిన మన్నుల దాని బిడ్డలకు మేనా దొరకది.”

ఆ రోజంతా ఆ గోలెం దగ్గర సంత. కాలు ముంచడానికి వరస, వరసలో తగవులు, పటేల్ కాలు ముందా మా పక్కింటి పిల్లవాడి రెండు కాళ్లు ముందా అని పంచాయితీ. వాడివి రెండు గనక వాడిదే గెలుపని తీర్పు వచ్చింది.

నాలుగు రోజులు నాయనమ్మ ఊరందరికీ నీళ్లు ముంచి ఇచ్చింది. అయిదో రోజు ఆమె నడుం పట్టేసింది. అప్పుడు గానీ మగవాళ్లు కదలలేదు. బావి నోటికి అడ్డంగా రెండు తాటిమొద్దులు వేశారు, గిరక కట్టారు. కల్లు గీసే ఆయన తన పాత మోకుతాడు ఇచ్చాడు. మెట్ల దారికి ముళ్లకంప కొట్టారు. మా ఈతలు పోయాయి. పిల్లలంతా గిరకను తిట్టుకున్నాం. ఇంటింటా కడవ మూతికి పాత మల్లుగుడ్డ ఎక్కింది. నా పురుగు ఇరవై రెండో చుట్టుకు పూర్తిగా బయటికి వచ్చింది. మామ దాన్ని బండ మీద పరిచి కొలిచాడు. మూరెడు మీద జానెడు. అంత పొడుగు నా పక్కింటివాడికి రాలేదు.

ఆ తర్వాత నాయనమ్మ మనుషుల మొహాలు చూడటం మానేసింది. పాదాలు చూసేది. పెండ్లిళ్లకు పోయినా, పీర్ల పండగకు పోయినా, ఎవరు పలకరించినా ఆమె చూపు ముందు కాళ్ల మీదికే పోయేది. పొర కమ్మిన కళ్లతో వంగి వంగి చూస్తుంటే, “అవ్వా, దండం పెడ్తున్నవా?” అని కుర్రకారు ఆటపట్టించేవాళ్లు.

మరుసటి వేసవిలో నారి లేచింది. ఇంటికి ఒకరు కాదు, వీధికి ఒకరు. నాయనమ్మ ప్రతి ఇంటికీ ఆముదపాకు తీసుకొని పోయింది. “ఇది నా పిల్ల కాలి నుంచి వచ్చిందే బిడ్డా, నన్ను తిట్టు,” అని చెప్పి, తనే కూర్చొని పుల్లకు చుట్టు తిప్పేది. ఎవరూ తిట్టలేదు. కొందరు ఆమె వచ్చేదాకా చుట్టు తిప్పించుకోకుండా ఆగేవాళ్లు, ఆమె చెయ్యి తేలికని. చివరికి ఆమె పాదం మీదనే ఒకటి లేచింది. బొబ్బ చూసుకొని ఆమె విరగబడి నవ్వింది.

“నా మనుమరాలి బిడ్డ. మునిమనుమరాలు నా ఇంటికే వచ్చింది సూడుండ్రి.”

ఆ తర్వాతి వేసవిలో ఎండలు ముదిరాయి. మామిడికాయలు వచ్చాయి. తొక్కు కలిపారు. ముంజలు వచ్చి పోయాయి. నాయనమ్మ గడప గడపకూ పోయి పాదాలు చూసింది. మొదటి వాన పడ్డ రోజు మా నాయన నాగలి కట్టాడు. ఊళ్లో మగవాళ్లంతా వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడి దుక్కి దున్నారు. ఆ రోజు నాయనమ్మ బావి దగ్గరికి పోయి, గిరకకు పసుపు రాసి, పేడ ఎత్తే ఆమెకు ఒక జాడీ తొక్కు తనే మోసుకుపోయి ఇచ్చింది. వాడలోకి ఆమె వెళ్లడం నేను చూసింది అదే మొదలు. ఊళ్లో ఆ ఏడాది నారి ఒక్కరికి కూడా లేవలేదు.

లేచింది మా మామకు. దుక్కులు నడుస్తుండగా సైకిల్ మీద కాదు, ఎడ్లబండిలో వచ్చాడు, కుడి కాలు ఎత్తిపెట్టుకొని. నాయనమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఏమయ్యా, ఊరందరికీ కత జెప్తివి. కతల పిల్ల నీ కోటకే వచ్చెనా? ఏడ తాగినవ్?”

ఆయన వేళ్ల మీద నెలలు వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. నిరుడు ఆ రోజుల్లో చిలుకూరు నుంచి హాలియా దాకా, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఆరు ఊళ్లల్లో ఆయన ఇదే కథ చెప్పాడు. ప్రతి ఊళ్లోనూ కథ మంచి పట్టులో ఉండగా ఎవరో ఒక చెంబు నీళ్లు అందించారు. ప్రతిచోటా, కథ ఆపి గుడ్డ అడగలేక, తాగేశాడు.

కాలు నయమయ్యాక ఆయన ఆ ఆరు ఊళ్లకూ మళ్లీ పోయి, కథ మళ్లీ చెప్పి, నాలుగు చోట్ల గిరకలు కట్టించాడు. రెండు చోట్ల కథ బాగుందన్నారు గానీ బావి ముట్టనియ్యలేదు. ఆయనకు నారి ఇచ్చిన నీళ్లు ఆ నాలుగు ఊళ్లవో, ఈ రెండు ఊళ్లవో మాత్రం ఎన్నటికీ తెలియలేదు.